మానిటర్ మోసుకుని షాపుకు పరిగెత్తే ముందు

మూడేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం, నా 24 అంగుళాల మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, స్కూటీ వెనక కూర్చున్న తమ్ముడి ఒళ్లో పెట్టి, గుంటూరు బ్రాడీపేట నుంచి అరండల్‌పేట తీసుకెళ్లాను. రెండు రోజులుగా అది ‘నో సిగ్నల్’ తప్ప ఇంకో ముక్క చూపించడం లేదు. షాపులో కుర్రాడు తన టేబుల్ మీదున్న కేబుల్ గుచ్చాడు. పది సెకన్లలో బొమ్మ వచ్చేసింది. “మానిటర్ శుభ్రంగా ఉందన్నా. మీ కేబుల్ తెచ్చారా?” అన్నాడు. తేలేదు. అది ఇంట్లో సీపీయూ వెనకాల వేలాడుతూనే ఉంది. అసలు దొంగ అదే.

ఆ ఎండలో ఉత్తపుణ్యానికి తిరిగిన ఒళ్లుమంటతో అప్పటి నుంచి ఒక వరస పెట్టుకున్నాను. అనుమానితులు ముగ్గురే: మానిటర్, కేబుల్, సిస్టమ్. సిస్టమ్ అంటే మీ ల్యాప్‌టాప్ కావచ్చు, సీపీయూ కావచ్చు. వీళ్లలో ఒక్కొక్కరినీ పక్కకు తప్పించుకుంటూ పోవడమే పని. ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు (కేబుల్ గుచ్చే చోటు), సెట్టింగ్ అన్నీ కలిపి మార్చేస్తే బొమ్మ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ పోతే కథ మళ్లీ మొదటికే.

ముందు కేబుల్ పీకేయండి

వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ మొదటి పని ఇదే. కరెంటు వైరు అలాగే ఉంచి, సిస్టమ్ నుంచి వచ్చే కేబుల్‌ని మానిటర్ వెనక నుంచి తీసేయండి. మానిటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. చాలా మానిటర్లు ఈ స్థితిలో కంపెనీ బొమ్మో, ‘నో సిగ్నల్’, ‘చెక్ కేబుల్’ లాంటి మాటో కాసేపు చూపించి నిద్రపోతాయి. ఆ కాసేపట్లో జాగ్రత్తగా చూడండి. అక్షరాలు స్పష్టంగా, వణుకు లేకుండా, గీతలు లేకుండా కనిపిస్తే మీ మానిటర్ తప్పు లేనట్టే అనుకోవచ్చు. ఇక వేట కేబుల్ మీద, సిస్టమ్ మీద.

అదే మాట మీద కూడా నిలువు గీతలు పడుతున్నా, సగం తెర నల్లగా ఉన్నా సిస్టమ్‌ని తిట్టకండి. జబ్బు మానిటర్‌లోనే ఉంది. మెనూ బటన్ నొక్కి వచ్చే సెట్టింగ్స్ పెట్టెను కూడా ఇలాగే వాడుకోవచ్చు. ఆ మెనూని మానిటర్ తనంతట తాను గీసుకుంటుంది, సిస్టమ్‌తో దానికి సంబంధం లేదు.

దీనికి జోడు పరీక్ష ఇంకోటుంది. తెర మీద గీతలో మచ్చలో ఉన్నప్పుడు సిస్టమ్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లో కూడా ఆ గీతలు కనిపిస్తే మానిటర్ నిర్దోషి. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు సిస్టమ్ పోర్టు నుంచి మానిటర్ దాకా ఉన్న దారిలో ఎక్కడో ఉంది.

లైటే రాకపోతే

పవర్ లైటు అసలు వెలగడం లేదంటే సిగ్నల్ సంగతి తర్వాత. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. అడాప్టర్ బయట ఉండే మోడల్ అయితే దాని సన్నటి పిన్ను మానిటర్‌లోకి పూర్తిగా దిగిందో లేదో చూడండి. ఇంట్లో ఉన్న వేరే అడాప్టర్ పెట్టి చూద్దామనిపిస్తుంది. పిన్ను పట్టింది కదా అని పెట్టేయకండి. 12 వోల్టుల మానిటర్‌కి 19 వోల్టులది తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. రెండింటి మీదా రాసిన వోల్టులు సరిగ్గా కలవాలి, పిన్ను లోపల ప్లస్సు ఉందో మైనస్సు ఉందో చూపించే గుర్తు కలవాలి, ఆంపియర్లు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

లైటు వెలుగుతోంది, బటన్లు పలకడం లేదు అంటే కరెంటు వైరు తీసేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. వోల్టేజి ఎగుడుదిగుడై కరెంటు పోయి వచ్చిన సాయంత్రాల్లో బిగుసుకుపోయిన మానిటర్లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం చాలాసార్లు చూశాను.

వెనక మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో గట్టి షాక్ కొట్టేంత ఛార్జ్ ఉండొచ్చు.

సోర్స్, ఆ తర్వాత కేబుల్

మానిటర్‌కి రెండు మూడు దారులుంటాయి: వీజీఏ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్. మీరు కేబుల్ ఒక దారిలో పెట్టి, మానిటర్ ఇంకో దారి వైపు చూస్తూ కూర్చుంటే ‘నో సిగ్నల్’ కాక ఇంకేం అంటుంది? మెనూలో ‘ఇన్‌పుట్’ లేదా ‘సోర్స్’ అనే చోటికి వెళ్లి మీ కేబుల్ ఉన్న పోర్టునే ఎంచుకోండి. ‘ఆటో’ని మరీ నమ్మొద్దు.

డెస్క్‌టాప్ వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు (తెర బొమ్మ తయారుచేసే బోర్డు) ఉంటే దాని పోర్టులు వెనకవైపు కింద అడ్డంగా ఉంటాయి. పైన యూఎస్‌బీల పక్కన మదర్‌బోర్డు (సీపీయూలోని ప్రధాన బోర్డు) హెచ్‌డీఎంఐ కూడా ఉంటుంది. చాలామంది చేయి అందింది కదా అని పైదాంట్లో గుచ్చేస్తారు. కార్డు ఉన్నప్పుడు కేబుల్ కార్డుకే పెట్టాలి. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల నంబరు చివర ‘ఎఫ్’ ఉంటుంది, వాటికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. అలాంటప్పుడు పై పోర్టు ఉన్నా అందులోంచి బొమ్మ రాదు.

ఇప్పుడు కేబుల్. రెండు చివరలూ పూర్తిగా తీసి, మళ్లీ గట్టిగా పెట్టండి. హెచ్‌డీఎంఐకి స్క్రూలు లేవు, కాబట్టి టేబుల్ జరిపినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ తలకి నొక్కుడు బటన్ ఉంటే, నొక్కకుండా లాగితే పోర్టే ఊడివస్తుంది. పోర్టులో దుమ్ము ఉంటే పొడి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి.

వేరే కేబుల్ ఎక్కడ దొరుకుతుంది? మీ హాల్లోనే. టీవీకి సెట్‌టాప్ బాక్స్ నుంచి వెళ్లేది హెచ్‌డీఎంఐ కేబులే. దాన్ని తెచ్చి సిస్టమ్‌కీ మానిటర్‌కీ పెట్టండి. బొమ్మ వచ్చిందా, మీ పాత కేబుల్ చెత్తబుట్టలోకి. రాలేదా, ల్యాప్‌టాప్‌ని అదే కేబుల్‌తో టీవీకి పెట్టండి. టీవీలో కూడా రాకపోతే ల్యాప్‌టాప్ పోర్టో సెట్టింగో సరిగా లేదు. టీవీలో వచ్చి మానిటర్‌లో రాకపోతే మానిటర్‌లోని ఆ పోర్టు పోయింది, రెండో పోర్టు ప్రయత్నించండి. పిడుగులు పడ్డ రాత్రి తర్వాత ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే పోయి, మిగతావి బతికున్న మానిటర్లున్నాయి. ఈ పరీక్ష రాత్రి ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య పెట్టుకోకండి. సీరియల్ మధ్యలో కేబుల్ పీకిన కొడుకుని మా అమ్మ ఇప్పటికీ క్షమించలేదు.

యూఎస్‌బీ-సి వాడేవాళ్లకు మాత్రం పోర్టు ఆకారం చూసి లాభం లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల సి-పోర్టు ఛార్జింగ్‌కీ డేటాకీ తప్ప బొమ్మ పంపడానికి పనికిరాదు. పోర్టు పక్కన మెరుపు గుర్తో, ‘డి’, ‘పి’ అక్షరాలు కలిపిన గుర్తో ఉంటే పంపగలదు. గుర్తు లేకపోతే మోడల్ నంబరుతో కంపెనీ పేజీలో చూసుకోవాలి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే సి-కేబుల్ చాలావరకు బొమ్మ మోయదు. కన్వర్టర్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది ఒక్క దిక్కుకే పనిచేస్తుంది. పాత వీజీఏ సీపీయూకి కొత్త హెచ్‌డీఎంఐ మానిటర్ పెట్టాలంటే వేరే రకం కావాలి, షాపులో ఏది ఎటు అన్నది విడమరిచి చెప్పి అడగండి.

బాబాయి కొట్లో పసుపు తెర

మా బాబాయి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు చూస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. “ఒరేయ్, మనది మిర్చి యార్డా, దుగ్గిరాల పసుపు యార్డా? స్క్రీనంతా పసుపే.”

“నైట్ లైట్ ఆన్ అయిందేమో చూడు బాబాయ్.”

“రాత్రి లైటు పగలెందుకు వేస్తారురా?”

నవ్వొచ్చినా మీరూ ముందు అదే చూడండి. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘నైట్ లైట్’ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే తెర లేత నారింజ రంగుకు తిరుగుతుంది. మానిటర్ మెనూలో ‘లో బ్లూ లైట్’, ‘రీడింగ్ మోడ్’ లాంటివీ అదే పని చేస్తాయి.

బాబాయిది అది కాదు. వెళ్లి చూస్తే తెల్లగా ఉండాల్సిన చోటల్లా ముద్ద పసుపు. పాత వీజీఏ కేబుల్. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు వేర్వేరు పిన్నుల్లో వస్తాయి. నీలం రాకపోతే తెలుపు కాస్తా పసుపవుతుంది. ఎరుపు రాకపోతే నీలిపచ్చ, ఆకుపచ్చ రాకపోతే గులాబీ. తెర రంగు చూసే ఏ పిన్ను పోయిందో చెప్పేయొచ్చు. కేబుల్ తీసి తల మీద ఫోన్ టార్చి వేశాను. వరసకు ఐదు చొప్పున మూడు వరసల పిన్నులు, వాటి మధ్య ఎర్రటి కారం పొడి. పై వరసలో మూడోది పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఎవరో కేబుల్‌ని తలకిందులుగా బలవంతంగా తోసినట్టున్నారు.

లెడ్ తీసేసిన పెన్ పెన్సిల్ ముక్కుని ఆ పిన్ను మీద తొడిగి, మెల్లగా, గోరంత గోరంతగా నిలబెట్టాను. ఒక్కసారిగా లాగితే విరిగిపోతుంది. మళ్లీ పెట్టి స్క్రూలు బిగించాక తెర తెల్లబడింది, నాకు మాత్రం కారం ఘాటుకి అరగంట తుమ్ములే. ఒక్క మాట: వీజీఏలో మధ్య వరసలో ఒక పిన్ను అసలే లేకుండా వచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి. తొమ్మిదో పిన్ను అది, లేకపోయినా బొమ్మకి లోటు రాదు. విరిగిందని టెన్షన్ పడకండి.

హెచ్‌డీఎంఐలో రంగుల గొడవ ఇలా రాదు. అక్కడ వచ్చేది వెలిసిపోయినట్టు కనిపించడం, నలుపు బూడిదలా ఉండడం. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ‘ఆర్‌జీబీ రేంజ్’ లేదా ‘క్వాంటైజేషన్ రేంజ్’ అని ఉన్నచోట ‘లిమిటెడ్’ ఉంటే ‘ఫుల్’ చేయండి. సిస్టమ్ టీవీ అనుకుని నలుపు నుంచి తెలుపు దాకా ఉండే వెలుతురు మెట్లను 16 నుంచి 235 దాకానే పంపుతుంటే, మానిటర్ 0 నుంచి 255 దాకా ఆశిస్తోందన్నమాట.

సిస్టమ్ వైపు చేయాల్సినవి

మానిటర్, కేబుల్ రెండూ మంచివని తేలాక సిస్టమ్‌కి రండి. విండోస్ బటన్ పట్టుకుని పీ నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి. ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ మీద ఉంటే బయటి మానిటర్ ఎప్పటికీ వెలగదు. ‘డూప్లికేట్’ పెడితే రెండింటిలో ఒకటే బొమ్మ, ‘ఎక్స్‌టెండ్’ పెడితే రెండు తెరలూ కలిసి ఒక పెద్ద బల్లలా పనిచేస్తాయి.

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ (బొమ్మను తెరకు పంపే ప్రోగ్రామ్) మళ్లీ మొదలవుతుంది. తెర ఒకసారి మిణుకుమంటుంది, ‘టిక్’ అని చిన్న శబ్దం వస్తుంది. తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. ఫలితం లేకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘మల్టిపుల్ డిస్‌ప్లేస్’ కింద ‘డిటెక్ట్’ నొక్కండి. ఆ తర్వాత రీస్టార్ట్. మూత మూసి తెరవడం రీస్టార్ట్ కాదు.

డెస్క్‌టాప్‌లో ఫ్యాన్ తిరుగుతూ, బొమ్మ రాక, ‘బీప్ బీప్’ అంటుంటే ముందు ర్యామ్ (సిస్టమ్ తాత్కాలిక మెమరీ పట్టీ) మీద అనుమానపడండి. కరెంటు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, సీపీయూ డబ్బా ఇనుము ముట్టుకుని, ర్యామ్ తీయండి. దాని బంగారు రంగు అంచుని పిల్లల రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిక్ మనేదాకా నొక్కండి. దుమ్ములో, తేమలో ఉండే కొట్లకు ఇది ఏడాదికోసారి వచ్చే పండగ లాంటిది.

‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే కేబుల్ బాగానే ఉన్నట్టు. మానిటర్ చూపించగలిగిన దానికంటే ఎక్కువ రిజల్యూషనో (తెర మీది చుక్కల సంఖ్య), రిఫ్రెష్ రేటో (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్నది) పంపుతున్నారు. సెట్టింగ్ మార్చగానే ఇలా అయితే ఏ బటనూ నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, మీరు ‘కీప్ చేంజెస్’ అనకపోతే విండోస్ తనంతట తానే పాత స్థితికి వస్తుంది. అది దాటిపోతే సిస్టమ్‌ని టీవీకి తగిలించి, అక్కడ 1920×1080, 60 హెర్ట్జ్ పెట్టి తిరిగి తెచ్చుకోండి.

అక్షరాలు అలుక్కుపోతే, తెర వణికితే

మసకగా ఉందో లేదో తేల్చడానికి తెలుగు పేజీ తెరవడం మంచి పరీక్ష. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగోలా నెట్టుకొస్తాయి. ‘లక్ష్మి’లో మ వత్తు, ‘రాష్ట్రం’లో కింద వేలాడే వత్తులు విడివిడిగా కనిపించకపోతే మీ మానిటర్ తన అసలు రిజల్యూషన్‌లో లేదు. సెట్టింగ్స్‌లో ‘రికమెండెడ్’ అని ఉన్నదే పెట్టండి. అక్షరాలు చిన్నవైపోయాయని రిజల్యూషన్ తగ్గించకండి, దాని బదులు ‘స్కేల్’ని 125 శాతం చేయండి. వీజీఏ అయితే మానిటర్ మెనూలో ‘ఆటో అడ్జస్ట్’ కూడా నొక్కాలి. చుట్టూ నల్ల అంచు మిగిలిపోతే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓవర్‌స్కాన్, స్కేలింగ్ వెతకండి.

వణుకు వేరే సంగతి. ‘అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే’లో రిఫ్రెష్ రేటు చూడండి. 4కే మానిటర్ 30 హెర్ట్జ్‌కి పడిపోయి మౌసు ఈడ్చుకుంటూ నడుస్తోందంటే మధ్యలో ఏదో పాత హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్‌ది ఉన్నట్టు. 4కేని 60 హెర్ట్జ్‌లో పంపాలంటే 2.0 కావాలి, అది కూడా పోర్టు, కేబుల్, మానిటర్ మూడింటికీ. బోరు మోటర్ వేయగానే, ఫ్రిజ్ అందుకోగానే తెర ఒక్క క్షణం నల్లబడితే కరెంటు వైపు చూడాలి. వేరే ప్లగ్గుకి మార్చి, కేబుల్‌ని పవర్ వైర్లకు దూరంగా లాగి, పొడవాటి చవక కేబుల్ తీసి పొట్టిది పెట్టి చూడండి.

తెర నల్లగా ఉంది, శబ్దం మాత్రం వస్తోంది

గది చీకటి చేసి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టండి. ఐకాన్ల నీడలు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనక వెలగాల్సిన బ్యాక్‌లైటే పోయింది. ఇది షాపులో బాగుచేయించుకోదగ్గ జబ్బు. కేబుల్ పీకేసినా పోని నిలువు గీతలు, సిరా ఒలికినట్టున్న మచ్చలు మాత్రం ప్యానెల్ (బొమ్మ చూపించే తెర పలక) జబ్బు. ప్యానెల్ మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త మానిటర్ ధరకి దగ్గరగా వెళుతుంది. నేనైతే ఆ డబ్బు దాని మీద పెట్టను.

వానాకాలంలో ఇంకో విచిత్రం జరుగుతుంది. చిన్న నల్ల చుక్క తెర మీద నడుస్తూ ఉంటుంది. వెలుతురుకి వచ్చిన పురుగు పొరల మధ్యకి దూరింది. వేలితో నొక్కారో, అక్కడే చచ్చి జీవితాంతం మీతోనే ఉంటుంది. మానిటర్ ఆపి, గదిలో లైటార్పి, పక్కన టేబుల్ ల్యాంపు వేసి వదిలేయండి, చాలాసార్లు దానంతట అదే బయటికి పోతుంది. తెర తుడిచేటప్పుడు అద్దాల స్ప్రే నేరుగా కొట్టొద్దు. జారిన చుక్క కింది అంచులోకి దిగితే అక్కడే సర్క్యూట్లుంటాయి. మెత్తటి గుడ్డని కొంచెం తడిపి తుడిస్తే చాలు.

నీళ్లలో మునిగిన మానిటర్ సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్నీవాళ్ల సిస్టమ్ కూడా తడిసింది. నాలుగు రోజులు ఎండలో పెట్టి, ఆరిపోయింది కదా అని ప్లగ్గు పెట్టారు. ‘టప్’ అని ఒక్క శబ్దం, అంతే. నీరు ఆరినా లోపల బురద పొర ఆరదు, అది బోర్డు మీద కరెంటుకి అడ్డదారి వేస్తుంది. అలాంటిది ప్లగ్గు దాకా తీసుకెళ్లకుండా నేరుగా షాపులో విప్పించి, శుభ్రం చేయించాకే వెలిగించాలి.

షాపుకు వెళ్లక తప్పకపోతే

స్టాండు విప్పేయండి. తెర మీద మెత్తటి దుప్పటి కప్పి, వెనక కూర్చున్నవాళ్లు అంచులు పట్టుకునేలా నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి దాని మీద ఏదీ పెట్టొద్దు, బొటనవేలి ఒత్తిడికి కూడా ప్యానెల్ పగులుతుంది. తప్పు కనిపిస్తున్నప్పుడే ఫోన్‌లో చిన్న వీడియో తీసుకుని వెళ్లండి, షాపు దాకా వెళ్లాక బుద్ధిగా పనిచేయడం మానిటర్లకు అలవాటు. విప్పే ముందు వాళ్ల కేబుల్‌తో, వాళ్ల సిస్టమ్‌తో మీ ఎదుటే ఒకసారి వెలిగించమనండి. రిపేరు ఖర్చు ముందే చెప్పించుకోండి.

మీ కేబుల్, మీ అడాప్టర్ సంచిలో వేసుకోవడం మర్చిపోకండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు కేబుల్ తీసుకెళ్లాను, అడాప్టర్ మర్చిపోయాను.